కోటిపల్లి లైన్‌ను బతికించండి: రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కాకినాడ నుంచి గోదావరి ఒడ్డున ఉన్న కోటిపల్లి దాకా మీ శాఖకు 45 కిలోమీటర్ల లైన్ ఉంది. కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా వెళ్తుంది. చాలా ఏళ్లు దీని మీద తిరిగింది ఒకే ఒక్క రైలు బస్సు, అంటే పట్టాల మీద నడిచే బస్సు లాంటి చిన్న బండి. 2020లో లాక్‌డౌన్‌కు అన్ని రైళ్లతో పాటు అదీ ఆగింది. తర్వాత దేశమంతా బళ్లు తిరిగి పట్టాలెక్కుతుంటే మా లైన్ వరసలో చిట్టచివరికి పోయింది.

ఈ లైన్ మేము ఇప్పటికే ఒకసారి పోగొట్టుకున్నాం. 1928లో మొదలైన ఈ మార్గం పట్టాలను రెండో ప్రపంచ యుద్ధం పేరు చెప్పి 1940లో బ్రిటిష్ ప్రభుత్వం పీకించేసింది. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా ఇటు రైలన్నదే లేదు. అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి గారు పట్టుబట్టి దీన్ని మళ్లీ తెప్పించారు. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. 2004లో బండి నడిచిన రోజు చూడటానికి ఆయన లేరు. అంత కష్టపడి తెచ్చుకున్నది కాబట్టే మాకు ఇంత బాధ.

జనం ఎక్కడం లేదు, ఆదాయం లేదు అన్న మాట ఈ లైన్ గురించి ఎప్పుడూ వినపడుతుంది. ఎందుకు ఎక్కలేదో దయచేసి చూడండి. చాలా గేట్ల దగ్గర కాపలా మనిషి లేడు. బండి గేటుకు కాస్త ముందే ఆగేది. సిబ్బందిలో ఒకరు దిగి, పరుగున వెళ్లి గేటు వేసేవారు. బండి దాటాక గేటు తీసి మళ్లీ వచ్చి ఎక్కేవారు. తర్వాతి గేటు దగ్గర మళ్లీ ఇదే తంతు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, ఎండలో వానలో వాళ్లు పడిన అవస్థ చూసినవాళ్లం మేము. కానీ ఆఫీసుకో కాలేజీకో టైముకు చేరాల్సిన మనిషి అలాంటి బండిని ఎలా నమ్ముకుంటాడు?

పైగా పొద్దున బండి కాకినాడలో బయల్దేరేది. పొద్దున పూట జనానికి కావలసింది ఊళ్ల నుంచి కాకినాడకు. ద్రాక్షారామం నుంచి కాకినాడ ప్రభుత్వాసుపత్రికి వచ్చే ముసలాయన, ఆ బండి కోటిపల్లి దాకా పోయి తిరిగొచ్చేదాకా కూర్చుంటే ఓపీ చీటీ ఇచ్చే టైం దాటిపోతుంది. అందుకని మోకాళ్ల నొప్పులతోనే ఆటోలో ఇరుక్కుని వస్తాడు. టైమింగ్ ఇలా పెట్టి జనం రావడం లేదనడం అన్యాయం సార్.

కాకినాడ ఇప్పుడు పాత కాకినాడ కాదు. డీప్‌వాటర్ పోర్టు వచ్చింది, ఎరువుల ఫ్యాక్టరీలు, గ్యాస్ కంపెనీలు వచ్చాయి, 2016లో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలోనే పేరు వచ్చింది. ఊరు పెరిగింది, అద్దెలు పెరిగాయి. ఇక్కడ పనిచేసేవాళ్లలో ఎంతోమంది ఇక్కడ ఉండే స్తోమత లేక కరప నుంచో వేళంగి నుంచో రోజూ వచ్చి వెళ్తారు. లారీల మధ్య బైకుల మీద, కిక్కిరిసిన ఆటోల్లో వస్తారు. పిల్లలు సాయంత్రం ఇంటికి చేరేదాకా ఇంట్లోవాళ్లకు టెన్షనే. ఇలా ఊరు పెరిగినప్పుడే లోకల్ రైలు అవసరం. మా దగ్గర సరిగ్గా అప్పుడే అది చిక్కిపోయింది.

కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం లైన్ పూర్తయితే అన్నీ బాగుపడతాయని అంటారు. ఆ 57 కిలోమీటర్ల లైన్ 2000-01లో మంజూరైంది. గోదావరి పాయలైన గౌతమి, వైనతేయ, వశిష్ఠల మీద మూడు పెద్ద వంతెనలు కట్టాలి, భూసేకరణ జరగాలి, రాష్ట్రం తన వాటా సొమ్ము ఇవ్వాలి. కోనసీమ ప్రజలు ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారో మాకు తెలుసు, అది పూర్తి కావాలనే కోరుకుంటున్నాం. కానీ వంతెన వచ్చేదాకా ఉన్న లైన్‌ను పడుకోబెట్టడం దేనికి? రామచంద్రపురం విద్యార్థి కాకినాడ రావడానికి గోదావరి దాటక్కర్లేదు కదా!

మేము వందే భారత్ అడగడం లేదు. పొద్దున కోటిపల్లిలో బయల్దేరి, కాలేజీలు, ఆసుపత్రి ఓపీ తెరిచే వేళకు కాకినాడ చేరే ఒక డెమూ (డీజిల్‌తో నడిచే లోకల్ రైలు) కావాలి. సాయంత్రం ఆఫీసులు వదిలాక తిరిగి వెళ్లే ట్రిప్పు కావాలి. గేట్ల దగ్గర మనుషులను పెట్టండి, వీలైన చోట అండర్‌పాస్ కట్టండి. శివరాత్రికి, కార్తీక మాసంలో ద్రాక్షారామం భీమేశ్వరుడి దగ్గరికి, కోటిపల్లి స్నానాలకు వచ్చే జనం కోసం అదనంగా ట్రిప్పులు వేయండి. ఇలా కనీసం ఏడాది నడిపి, అప్పుడు టికెట్ల లెక్క తీయండి.

విశాఖలో దక్షిణ కోస్తా రైల్వే జోన్ కార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆ జోన్ మొదటి టైంటేబుల్‌లోనే మా బండి వేళలు అచ్చయ్యేలా ఆదేశాలు ఇవ్వమని వేడుకుంటున్నాం.

ఇట్లు,
కాకినాడ-కోటిపల్లి లైన్ ప్రయాణికుల తరఫున ఒక ప్రయాణికుడు