గ్రహణం నాటికి నాకు ఐదో నెల

భూదాన్ పోచంపల్లి

బిడ్డా,

నువ్వు ఫోన్ పెట్టేశాక రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఫంక్షన్‌లో మాట్లాడే ఛాన్స్ నీకు వచ్చినట్టే వచ్చి, మాట ముక్కులోంచి వస్తోందని వేరే అమ్మాయికి ఇచ్చేశారన్నావు. అప్పటినుంచి మాస్కు పెట్టుకునే క్లాసుకు వెళ్తున్నావట. ఇన్నాళ్లూ నీకు చెప్పని మాట ఒకటుంది. ఫోన్‌లో చెప్పబోతే గొంతు పూడుకుపోతుంది, అందుకే రాస్తున్నాను.

నువ్వు పై పెదవి, అంగిలి చీలి పుట్టగానే అందరూ నా వైపే చూశారు. 2010 జనవరి 15న, సంక్రాంతి మర్నాడు, సూర్యగ్రహణం. రంగు అద్ది ఆరేసిన నూలు గాలికి కింద పడుతోందని వాకిట్లోకి వెళ్లాను. అంతే. దాని పేరే గ్రహణం మొర్రి కదా, తప్పంతా నా నెత్తిన పెట్టారు. నేనూ నమ్మాను బిడ్డా. ఉగ్గుగిన్నెతో పాలు పోస్తుంటే నీ ముక్కులోంచి బయటికి వచ్చేవి. కొంగుతో తుడుస్తూ, నన్ను క్షమించు తల్లీ అనుకునేదాన్ని. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ ఒకరోజు అడిగింది, గ్రహణం నాటికి నీకెన్నో నెల అని. ఐదో నెల అన్నాను. "పెదవి అతుక్కునేది రెండో నెలలోపే, అంగిలి ఆ వెనకే. నువ్వు వాకిట్లోకి వెళ్లేసరికి అదంతా అయిపోయిందమ్మా" అంది. లెక్క అప్పుడే అర్థమైంది. మనసు ఒప్పుకోవడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

మొన్న మీ అన్న ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. ఇసుకరాతి బండ మీద, తమ సంప్రదాయ దుస్తుల్లో ఒకమ్మాయి స్కేట్‌బోర్డు ఎక్కి సర్రున జారుతూ వస్తోంది. పేరు నయోమీ గ్లాసెస్. అమెరికాలో అరిజోనా, రాక్ పాయింట్ అనే ఊరు. నవాహో ఆదివాసీ, తమను తాము దినే అని చెప్పుకుంటారు. 2020లో ఆ వీడియో ఎంతోమంది చూశారట. నా చూపు మాత్రం ఆమె పై పెదవి దగ్గరే ఆగిపోయింది.

ఆమె కూడా పెదవి, అంగిలి చీలి పుట్టింది. తోటి పిల్లలు ఏడిపిస్తుంటే ఐదేళ్ల వయసులో స్కేట్‌బోర్డు పట్టుకుంది. పదహారేళ్లకు, అంటే ఇప్పటి నీ వయసుకు, నానమ్మ దగ్గర మగ్గం నేర్చుకుంది. వాళ్లింట్లో ఏడు తరాలుగా నేతపనే. మన గుంటమగ్గం కాదు, నిలువు మగ్గం. ఉన్ని పోగు చేత్తోనే చొప్పించి, దువ్వెనలాంటి చెక్కతో కొడతారు. వాళ్లకు నేత నేర్పింది సాలెపురుగు అమ్మవారట! ఆ మాటకు మీ నాన్న నాడె పక్కన పెట్టి మరీ విన్నారు. మన భాషలోనూ ఆ పురుగుకు సాలెవాళ్ల పేరే కదా.

2023లో రాల్ఫ్ లారెన్ అనే పెద్ద బట్టల కంపెనీ ఆమెను పిలిచి తమ కోసం డిజైన్లు చేయించుకుంది. నాకు అంతకన్నా నచ్చింది ఇంకొకటి. నవాహోల నేల మన తెలంగాణలో సగానికి పైనే ఉంటుంది, ఎక్కువగా మట్టిరోడ్లే. స్కేట్‌బోర్డు చక్రాలు మట్టిలో తిరగవు, ఆమె బండల మీద ఆడింది అందుకే. తన వెనక వచ్చే పిల్లలకు ఆ తిప్పలు ఉండకూడదని స్కేట్‌పార్కు కోసం డబ్బు పోగుచేసే పనిలో దిగింది. అమీ డెనెట్ డీల్ అనే దినే డిజైనర్, పేరున్న స్కేటర్ టోనీ హాక్ సంస్థ, ఇంకా ఎందరో చేతులు కలిపితే 2023లో న్యూ మెక్సికోలోని టూ గ్రే హిల్స్‌లో పార్కు వచ్చింది. ఆ ఊరి పేరుతోనే ఒక నేత రకం ఉంది, మన పోచంపల్లిలాగే.

ఇంకో సంగతి తెలిసి ఒళ్లు జలదరించింది. వాళ్లూ గ్రహణం పట్టింపు పాటిస్తారు. తినరు, తాగరు, పైకి చూడరు. 2023 అక్టోబరు 14న గ్రహణం వేళ మాన్యుమెంట్ వ్యాలీకి టూరిస్టులను కూడా రానివ్వలేదు. సూర్యుడంటే వాళ్లకు అంత గౌరవం. నాకూ ఉంది. కానీ ఆ నీడ తెచ్చి నీ పెదవి మీద వేస్తే ఇక నేను ఊరుకోను. శనివారం కాలేజీకి వస్తున్నాను, మీ మేడమ్‌తో నేనే మాట్లాడతాను.

మీ నాన్న నీకోసం చీర మొదలుపెట్టారు. నూలుకు చిటికి ముడులు కట్టడం నిన్ననే అయిపోయింది, రంగు అద్దాలి. అంచుకు ఏది బాగుంటుందో చూపిస్తాను, రాత్రి వీడియో కాల్ చెయ్యి. మాస్కు తీసి మాట్లాడు.

అమ్మ