మా అమ్మాయి పేరు మీద గీసిన గులాబీ గీత గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

ప్రొద్దుటూరు నుంచి నమస్కరించి రాస్తున్నాను. కాలేజీలో చేసిన రక్తపరీక్ష ఫలితాన్ని అందరికీ కనబడేటట్టు అంటించి మా అమ్మాయి మీద ముద్ర వేసిన విషయం మీద ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ రసీదులు నా దగ్గర ఉన్నాయి. మూడో అర్జీకి ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది. ఆ రోజు పొంగిపోయి కాలేజీకి ఫోన్ చేశాను. అవతల ఫోన్ ఎత్తినాయన ‘ఏ సమస్యమ్మా?’ అని నన్నే అడిగినాడు. అందుకే ఈసారి నలుగురూ చదివేటట్టు రాస్తున్నాను. బాధలో ఎక్కడైనా మాట జారితే పెద్ద మనసుతో మన్నించండి. చివరిదాకా మాత్రం చదవండి.

ముందే ఒక మాట చెప్పుకుంటాను. నేను రక్తపరీక్షలకు అడ్డం చెప్పేదాన్ని కాదు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. అంతకంటే ముందు, తలసీమియా అనే, తల్లిదండ్రుల జన్యువుల నుంచి వచ్చే రక్తపు జబ్బుతో ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లిని. మా మేనమామనే నాకిచ్చి చేశారు. మా ఇద్దరి రక్తంలోనూ ఆ జన్యువు ఉందని పెద్దోడికి ఎనిమిదో నెల వచ్చి, వాడు పాలిపోయి, పొట్ట ఉబ్బి ఆస్పత్రిలో పడేదాకా మాకు తెలీదు. అప్పటి నుంచి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. చేతి నరాలు దొరక్కపోతే నర్సమ్మ వాడి పాదం మీద వేలితో తట్టి తట్టి వెతికేది. వాడు ఏడ్చేవాడు కాదు, ‘ఈ కాలు వద్దక్కా, పోయినసారి ఈ కాలే’ అని రెండో కాలు చాపేవాడు. తొమ్మిదేళ్ళకు పోయినాడు. ‘మేనరికం చేసుకుంటిరి, అనుభవిస్తాండారు’ అని మా వీధిలోనే అన్నారు. విన్నాను, ఊరుకున్నాను.

పాప కడుపులో ఉన్నప్పుడు వేలూరు పోయి పరీక్ష చేయించుకున్నాం. మా పెద్దోడికి వచ్చినట్టు తలసీమియా మేజర్ కాదు, క్యారియర్ అని చెప్పారు. అంటే రోగం లేదు. తల్లిదగ్గర్నుంచో తండ్రిదగ్గర్నుంచో ఒక్క జన్యువు వచ్చింది, అంతే. ఎర్ర కణాలు కాస్త చిన్నవిగా ఉంటాయి, హిమోగ్లోబిన్ కొంచెం తక్కువగా ఉంటుంది, మనిషి మామూలుగా బతుకుతుంది. అది ముదిరి మేజర్‌గా మారేది కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటేదీ కాదు. పాపకు పదమూడో ఏట నేనే పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా బొమ్మ గీసి చెప్పాను. మా ఇంట్లో ముగ్గురికే తెలిసిన సంగతి అది.

పోయిన ఏడాది మా అమ్మాయి చదివే జూనియర్ కాలేజీలో తలసీమియా క్యాంపు పెడతామన్నారు. తల్లిదండ్రులు వెనకాడుతుంటే మీటింగులో లేచి మాట్లాడింది నేనే. మా పెద్దోడి సంగతి చెప్పి, భయపడొద్దని, పెళ్ళికి ముందే తెలుసుకుంటే నాలాగా ఇంకో తల్లి ఏడవదని చెప్పాను. ఒప్పుకోలు కాగితం మీద మొదటి సంతకం నాది. మా పాపది తెలిసిన ఫలితమే. అయినా తను ముందు చెయ్యి చాపితే మిగతా పిల్లలకు ధైర్యం వస్తుందని నేనే లైన్లో ముందు నిలబెట్టాను.

పది రోజులకు ఫలితాలు వచ్చాయి. కవర్లో పెట్టి తల్లిదండ్రుల చేతికి ఇస్తారనుకున్నాను. ఒక ఏ ఫోర్ కాగితం మీద రోల్ నంబర్ల వరుసలో పిల్లలందరి పేర్లు కొట్టి, ఆరుగురి పేర్ల పక్కన ‘బి.టి.టి.’ అని వేసి, ఆ ఆరు వరుసల మీద గులాబీ రంగు హైలైటర్ గీసి, ప్రిన్సిపాల్ గది బయట నోటీసు బోర్డుకు గుచ్చారు. ఫీజు బకాయిల లిస్టు పక్కన. బి.టి.టి. అంటే బీటా తలసీమియా ట్రెయిట్, అంటే వట్టి క్యారియర్ అని ఆ కాగితం మీద ఎక్కడా లేదు. మధ్యాహ్నానికి దాని ఫోటో పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఉంది. సాయంత్రానికి మా బంధువుల గ్రూపులో ఉంది.

మంత్రి గారూ, ఆ తర్వాత జరిగింది మీకు ఓపిగ్గా చెప్పుకోవాలి. మూడు అర్జీల్లోనూ దీన్ని రెండు లైన్లలో రాశాను. రెండు లైన్లలో రాస్తే ఎవరికీ అర్థం కాలేదని ఇప్పుడు తెలిసింది.

హాస్టల్లో మా పాప మంచం పక్కనున్న పిల్ల మంచం జరుపుకుంది. పాపం, ఆ పిల్లను నేనేమీ అనను. దానికి ఎవరూ చెప్పలేదు కదా. మెస్సులో మా పాప కంచం మీద పెయింటుతో చిన్న చుక్క పెట్టారు, కలిసిపోకుండా. నేను చూడటానికి పోయిన ఆదివారం ఆ కంచం నా చేత్తో పట్టుకున్నాను. స్టీలు కంచం అంచున, వెనకవైపు, ఎర్ర చుక్క. పాప దాన్ని గోటితో గీకి సగం తీసేసింది.

తర్వాత ఖోఖో. మా పాప పోల్ దగ్గర డైవ్ కొట్టిందంటే ముందున్న పిల్ల తప్పించుకోలేదు. రెండు మోకాళ్ళ మీదా ఆ మచ్చలే. జోనల్ సెలెక్షన్లకు పేరు ఇచ్చి, ఈ కాగితం వచ్చాక తీసేశారు. ‘రక్తంలో ఏదో ఉంది కదమ్మా, గ్రౌండులో పడి ఏమన్నా అయితే మాట మాకొస్తుంది’ అన్నారు పీటీ సారు. నేను జీవశాస్త్రం పుస్తకం తీసుకొని పోయి చూపించాను. డాక్టరు దగ్గర కాగితం రాయించుకొని పోయాను, క్యారియర్లు ఆటలు ఆడొచ్చని. ‘మీరు చెప్పేది కరెక్టే కావచ్చు, పైనుంచి ఆర్డరు ఉంటే చెప్పండి’ అన్నారు. పైన అంటే ఎవరో నాకు తెలీదు. మీరే అనుకొని రాస్తున్నాను.

మూడోది మా ఇంటి సంగతి. మా తమ్ముడికి ఒక కొడుకున్నాడు. పాప పుట్టినప్పటి నుంచి ‘నా కోడలు’ అని పిలుచుకున్న మా మరదలు, ఆ ఫోటో చూసిన వారానికి ఇంటికొచ్చి, కాఫీ తాగకుండానే, ‘ఏమనుకోవద్దు వదినా, అట్లాంటి పిల్లను యెట్ల చేసుకుంటాం’ అనింది. పదిహేడేళ్ళ పిల్లకు ఇప్పుడు పెళ్ళేందని, మళ్ళీ మేనరికమేందని నేనే ఎప్పుడో అడ్డం చెప్పినదాన్ని. నాకు ఆ సంబంధం పోయినందుకు బాధ లేదు. లోపలి గదిలో పుస్తకం పట్టుకొని కూర్చున్న పిల్ల ‘అట్లాంటి పిల్ల’ అనే మాట వినింది. ఇంకొకటి కూడా చెప్తాను. ఇద్దరూ క్యారియర్లయితేనే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఒకరే అయితే పుట్టే బిడ్డకు మేజర్ రాదు. మా మరదలు కొడుక్కి ఇంతవరకూ ఎవరూ పరీక్ష చేయలేదు. వాడి రక్తంలో ఏముందో వాళ్ళకు తెలీదు. ముద్ర మాత్రం చెయ్యి చాపిన పిల్ల మీద పడింది.

వేసవి సెలవుల్లో పాప ఒక పాత ఇంగ్లీషు సినిమా చూద్దాం రా అని నన్ను పిలిచింది. 1997లో ఆండ్రూ నికోల్ తీసిన ‘గట్టాకా’. డీఎన్‌ఏలోని నాలుగు అక్షరాలు జి, ఎ, టి, సి, వాటితోనే ఆ పేరు కట్టారు. రాబోయే కాలంలో తల్లిదండ్రులు డాక్టరు దగ్గర కూర్చొని పిండాన్ని ఏరుకుంటారు. అట్లా కాకుండా మామూలుగా పుట్టిన విన్సెంట్ అనే పిల్లాడి కథ అది. పుట్టిన నిమిషంలోనే వాడి మడమ నుంచి రక్తపు చుక్క తీసి చెప్పేస్తారు: గుండె జబ్బుకు 99 శాతం అవకాశం, ఆయుష్షు 30.2 ఏళ్ళు. తన పేరు పెట్టాలనుకున్న తండ్రి అది విని ఆగిపోయి వేరే పేరు పెడతాడు. ఏరుకొని కన్న రెండో కొడుక్కి ఆంటన్ అని తన పేరు ఇస్తాడు. నేను అక్కడే ఏడ్చాను. పాప ఏడవలేదు. తర్వాత విన్సెంట్‌ను బడికి తీసుకెళ్తారు. పిల్లాడు పడితే ఇన్సూరెన్సు రాదని చెప్పి గేటు మూసేస్తారు. పాప అక్కడ సినిమా ఆపింది. ‘అమ్మా, ఇది మా గ్రౌండే’ అనింది.

ఆ సినిమాలో జన్యువులను బట్టి మనిషిని తక్కువ చేయకూడదని చట్టం ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు, తలుపు గొళ్ళెం మీద చెమట, కవరు మీద ఎంగిలి తీసుకున్నా మనిషి జాతకం తెలిసిపోతుంది. ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే మూత్రపరీక్షే. విన్సెంట్ రాకెట్ కేంద్రంలో నేల తుడిచే పనికి చేరి, ఇంకొకరి రక్తం, మూత్రం అరువు తెచ్చుకొని, రోజూ తన చర్మం రాలకుండా రుద్దుకొని లోపలికి పోతాడు. పాప నన్ను అడిగింది, ‘నేను కూడా వేరే కాలేజీకి పోయి చెప్పకుండా ఉంటే ఆడనిస్తారా అమ్మా?’ అని. తన తప్పేమీ లేని బిడ్డ దొంగలాగా దాక్కోవాలని ఆలోచించింది మంత్రి గారూ. నేను టీచర్ని, జవాబు చెప్పలేకపోయాను.

ఆ సినిమా వచ్చిన పదకొండేళ్ళకు, 2008లో, అమెరికాలో ఉద్యోగాల్లోనూ ఆరోగ్య బీమాలోనూ జన్యు వివక్ష కూడదని చట్టం చేసుకున్నారు. మన దగ్గర అట్లాంటి ప్రత్యేక చట్టం లేదు. 2018లో ఢిల్లీ హైకోర్టు, జన్యు కారణమని చెప్పి బీమా ఎగ్గొట్టడం తప్పని తీర్పు ఇచ్చింది. అది బీమా వరకే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా ఉంది, కానీ అది రోగం ఉన్నవాళ్ళకు. రోగం లేకుండా పేరు మాత్రం పడిన నా కూతురు ఏ చట్టం కింద నిలబడాలి? 2017లో హెచ్‌ఐవి చట్టం తెచ్చారు. దాని ప్రకారం ఒకరి పరీక్ష ఫలితం వాళ్ళ ఒప్పుకోలు లేకుండా ఊరికే బయటపెట్టకూడదు, బడిలో, పనిలో తేడా చూపకూడదు. అంత జాగ్రత్త అక్కడ అవసరమని తెలిసిన ప్రభుత్వానికి ఇక్కడ ఎందుకు తోచలేదు?

ఎర్ర కణాలు కొడవలిలాగా వంగిపోయే సికిల్‌సెల్ అనే జన్యు రోగం మీద 2023 జూలైలో కేంద్రం మిషన్ మొదలుపెట్టినప్పుడు 7 కోట్ల మందికి పరీక్షలు చేస్తామన్నారు. చేయండి, చేయాలి. ఫలితం రాసిన కార్డులు గిరిజన బిడ్డల చేతికి వెళ్తున్నాయి. మా కాలేజీ నోటీసు బోర్డు మీద జరిగింది ఏ ఆశ్రమ పాఠశాల గోడ మీదా జరగకూడదని నా భయం. స్కానింగ్ మిషన్లు ముందు వచ్చాయి, లింగ నిర్ధారణ నిషేధ చట్టం 1994లో వచ్చింది. మధ్యలో ఎందరు ఆడపిల్లలు పోయారో. ఇప్పుడు జన్యువులను కత్తిరించి సరిచేసే వైద్యం కూడా వచ్చేసింది. 2023 నవంబరులో తలసీమియాకు, సికిల్‌సెల్‌కు అట్లాంటి చికిత్సను బ్రిటన్ అనుమతించింది. ఆ వార్త చదివి మా పెద్దోడి ఫోటో ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆ శాస్త్రం మీద నాకు కోపం లేదు, వాడి కాలంలో ఉండుంటే ఆస్తి అమ్మైనా చేయించేదాన్ని. నా కోపమంతా ఆ గులాబీ హైలైటర్ మీద.

మీరు చేయాల్సింది పెద్దదేమీ కాదు. ఫలితాలు కవర్లో పెట్టి తల్లిదండ్రుల చేతికే ఇవ్వాలని, పక్కన కూర్చోబెట్టి తెలుగులో విడమర్చి చెప్పే మనిషి లేకుండా ఎక్కడా క్యాంపు పెట్టకూడదని ఒక ఉత్తర్వు ఇవ్వండి. క్యారియర్ అని ఏ పిల్లనూ ఆట నుంచి, హాస్టల్ నుంచి పక్కన పెట్టకూడదని రాయండి. చట్టం కోసం ఢిల్లీకి మీరు ఒక ఉత్తరం రాయండి. ఆ జాబితాలో ఇంకా ఐదుగురు పిల్లలున్నారు, అందులో ఇద్దరి తల్లులు నన్ను బజారులో చూసి మొహం తిప్పుకుంటున్నారు. మీటింగులో నా మాట విని సంతకం పెట్టినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ కోసమైనా రాయండి.

ఆ సినిమా చివర్లో ఒక డాక్టరు ఉంటాడు. రోజూ విన్సెంట్‌కు పరీక్షలు చేసేవాడే. అబద్ధం బయటపడే ఆఖరి పరీక్షలో, తెరమీద ఫలితం కనబడుతున్నా మీట నొక్కి లోపలికి పంపిస్తాడు. వాడి కొడుకు కూడా చెప్పినంత బాగా పుట్టలేదట. మేం మీట నొక్కి నిజం దాచమని అడగడం లేదు. మా పాప నిజం దాచుకునే అవసరమే లేకుండా చేయమని అడుగుతున్నాను.

ఈ ఏడాది జోనల్ సెలెక్షన్లు మళ్ళీ వస్తున్నాయి. పీటీ సారు అడిగింది పైనుంచి ఒక కాగితం. పాప రోజూ పొద్దున ఐదున్నరకు లేచి మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో వేపచెట్టును పోల్ చేసుకొని ఒక్కతే డైవ్ కొడుతోంది. సెలెక్షన్ల లోపల ఆ కాగితం పంపండి సార్.

ఇట్లు
ఒక తల్లి, జీవశాస్త్రం టీచరు
ప్రొద్దుటూరు, కడప జిల్లా