జగన్నాథ గట్టు గుడి కథ గుడి ముందరే ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

శ్రీశైలం రిజర్వాయర్‌లో నీళ్లు తగ్గి, అందులో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి బయటపడగానే పేపర్లలో ఫొటోలు వస్తాయి, వేపదారు లింగాన్ని చూడ్డానికి జనం కుటుంబాలతో పోతారు. మంచిదే. కానీ ఆ సంగమేశ్వరం నుంచే వచ్చిన ఇంకో గుడి కర్నూలు పక్కనే జగన్నాథ గట్టు మీద ఏడాది పొడవునా ఉంది. దాని ఊసెత్తేవాళ్లే తక్కువ.

అది రూపాల సంగమేశ్వరాలయం. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 885 అడుగుల మట్టానికి నీళ్లు నిలిపితే ఊళ్లతో పాటు గుళ్లూ మునుగుతాయి కాబట్టి, కొన్నింటిని రాయి రాయీ విప్పి తెచ్చి వేరేచోట మళ్లీ పేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురం చేరింది, ఇది మన గట్టుకు వచ్చింది. లోపల నిలువెత్తు లింగం. భీముడు తెచ్చాడని పెద్దలు చెబుతారు. బయట గోడకు దగ్గరగా నిలబడి రాళ్ల అతుకుల వెంట చెయ్యి పెట్టి చూడండి, ఇంత బరువును విప్పి, మోసుకొచ్చి, వరస తప్పకుండా నిలబెట్టిన పనివాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

మునిగిన ఊళ్లవాళ్లకు ఈ గుడి అంటే ఉండే మమకారం వేరు. ఇల్లు, పొలం, ఊరి చావిడి అన్నీ నీళ్ల కింద పోయాయి. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 1986 నాటి 98 జీవో కింద రావాల్సిన ఉద్యోగాల కోసం ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న కుటుంబాలున్నాయి. వాళ్ల ఊళ్ల వైపు నుంచి వచ్చి, తాకి చూసుకోవడానికి మిగిలినవి ఇలాంటి నాలుగు రాళ్లే. వాళ్ల మనవళ్లకేమో ఆ ఊళ్ల పేర్లు కూడా తెలియవు.

అందుకే నా విన్నపం. గుడి మొదట ఎక్కడుండేది, ఎందుకు తరలించారు, ఎలా పేర్చారు అన్నది తెలుగులో, పెద్ద అక్షరాలతో గుడి ముందరే రాయించాలి. విప్పకముందు తీసిన ఫొటోలు పురావస్తు శాఖ దగ్గర ఉంటే అక్కడ పెట్టించాలి. అన్నిటికంటే ముఖ్యం, మునిగిన ఊళ్ల పేర్లన్నీ ఒక రాతి పలక మీద చెక్కించాలి. ఇదేం కోట్ల రూపాయల పని కాదు.

ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు పోయేవాళ్లు ఈ గట్టు పక్క నుంచే పోతారు, రోడ్డు మీద ఒక బోర్డు ఉంటే ఆగుతారు. గట్టు మీదనే ట్రిపుల్ ఐటీ పిల్లలున్నారు, వాళ్లకూ తెలియాలి.

దేవాదాయ, పురావస్తు శాఖలు కలిసి కూర్చుని, వచ్చే కార్తీక సోమవారాల లోపు ఆ ఊళ్ల పేర్ల పలకనైనా పెట్టించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కర్నూలు