స్క్రీమింగ్ ట్రీస్ 'డస్ట్' వినండి

అందరికీ నమస్కారం. గ్రంజ్ (90లలో ఊపేసిన అమెరికన్ రాక్ సంగీతం) అనగానే మన మాట నిర్వాణా, పర్ల్ జామ్ బ్యాండ్‌ల దగ్గరే ఆగిపోతోంది. ఈ వారం నేను స్క్రీమింగ్ ట్రీస్ బ్యాండ్ వారి 'డస్ట్' ఆల్బమ్ మళ్లీ విన్నాను. దీనికి రావలసినంత పేరు రాలేదని గట్టిగా అనిపించింది.

వీళ్లది వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎలెన్స్‌బర్గ్. 1992లో 'స్వీట్ ఆబ్లివియన్' ఆల్బమ్‌తో కాస్త గుర్తింపు వచ్చింది. ఆ తరువాత చేసిన రికార్డింగులను పక్కన పెట్టేసి, 1996లో 'డస్ట్' తెచ్చారు. అప్పటికే గ్రంజ్ ఊపు తగ్గింది.

మొదటి పాట 'హేలో ఆఫ్ యాషెస్'లో గిటారిస్ట్ గ్యారీ లీ కానర్ వాయించిన ఎలక్ట్రిక్ సితార్ మన చెవికి వెంటనే తగులుతుంది. డ్రమ్మర్ బారెట్ మార్టిన్ ఈ ఆల్బమ్‌లో తబలా, హార్మోనియం కూడా వాయించాడు. 'డయింగ్ డేస్'లో గిటార్ సోలో పర్ల్ జామ్ గిటారిస్ట్ మైక్ మెక్‌క్రెడీది. గాయకుడు మార్క్ లానెగన్ గొంతు గురించి ఎంత చెప్పినా తక్కువే. అరుపుల అవసరం లేకుండా, బొంగురుగా, నింపాదిగా పాడుతూనే గుండె పిండేస్తాడు. ఆయన 2022లో కన్నుమూశాడు.

'స్వార్న్ అండ్ బ్రోకెన్' మాత్రం ఇయర్‌ఫోన్లతోనే వినండి. మీకు ఏ పాట నచ్చిందో ఇక్కడ రాయండి.