అద్దె ఒప్పందంలో ఏముందో ఇద్దరూ చదవాలి

సంపాదకులకు,

అయ్యా,

హైదరాబాద్‌లో అద్దె ఇళ్ల తగాదాలు ఎక్కువగా ఇల్లు ఖాళీ చేసే రోజున బయటపడతాయి. వాటి మూలం మాత్రం ఇంట్లో దిగిన రోజు సంతకం చేసిన కాగితంలోనే ఉంటుంది. కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్ సంఘానికి కొంతకాలం కార్యదర్శిగా ఉన్నందువల్ల ఇటు యజమానుల మాటా, అటు అద్దెదారుల మాటా వినవలసి వచ్చింది. మోసం చేయాలనుకున్నవారు వారిలో అరుదు. జిరాక్స్ దుకాణంలో పేర్లూ, అద్దె మొత్తమూ మార్చి ముద్రించి ఇచ్చిన ఇంగ్లీషు నమూనాపై, లోపల ఏముందో చూడకుండా సంతకం చేసినవారే ఎక్కువ. ఈ అలవాటు ఇద్దరికీ నష్టం తెస్తున్నదని చెప్పడానికే ఈ లేఖ.

మన ఒప్పందాలన్నీ పదకొండు నెలలకే ఎందుకుంటాయో చాలామందికి తెలియదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన గడువు గల లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి గడువును పదకొండు నెలలకు కుదించడం వాడుకగా మారింది. ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు. అయితే కొందరు గడువు పదకొండు నెలలని మొదట రాసి, లోపలి షరతుల్లో మూడేళ్లపాటు ఖాళీ చేయరాదనీ, ఏటా పది శాతం అద్దె పెంచాలనీ రాసుకుంటున్నారు. మూడేళ్లకు ఉద్దేశించిన లీజు రిజిస్టర్ కాకపోతే, వివాదం వచ్చినప్పుడు ఆ షరతులకు ఆ కాగితం సాక్ష్యంగా నిలవడం కష్టం. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు ప్రత్యామ్నాయం కాదన్న సంగతి చదువుకున్నవారు సైతం గుర్తించడం లేదు.

పదకొండు నెలలు పూర్తయ్యాక అద్దెదారు అక్కడే ఉండి, యజమాని అద్దె తీసుకుంటూ ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం అది నెలనెలా కొనసాగే అద్దె కిందికి వస్తుంది. ఆ స్థితిలో ఎవరు తప్పుకోవాలన్నా 15 రోజుల నోటీసు చాలునని అదే చట్టం 106వ సెక్షన్ చెబుతుంది. పిల్లల చదువుల మధ్యలో ఉన్న కుటుంబానికి ఆ పక్షం రోజులు ఏ మూలకు సరిపోతాయి? రెండు నెలల నోటీసు కావాలనుకుంటే ఆ మాట ఒప్పందంలో ఉండాలి, గడువు ముగిసినప్పుడల్లా ఒప్పందాన్ని తిరగరాసుకోవాలి.

అద్దె నియంత్రణ చట్టం తమను కాపాడుతుందని అద్దెదారులు, ఆ చట్టం తమను కట్టిపడేస్తుందని యజమానులు ఇప్పటికీ అనుకుంటున్నారు. 1960 నాటి ఆ చట్టానికి 2005లో వచ్చిన సవరణ, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు రూ.3,500 దాటిన అద్దె ఇళ్లను దాని నుంచి మినహాయించింది. ఈనాడు హైదరాబాద్‌లో ఆ మొత్తానికి ఒక్క గది కూడా దొరకడం కష్టం. కాబట్టి నగరంలోని అత్యధిక ఇళ్లకు మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమూ, ఇద్దరూ రాసుకున్న ఒప్పందమూ మాత్రమే. ఆ పాత చట్టం కూడా పలు విషయాల్లో ఒప్పందంలో వేరుగా రాసుకోనప్పుడే వర్తిస్తుంది. అందుకే ఆ రెండు మూడు పేజీలకు అంత విలువ ఉంది.

అన్నిటికంటే ఎక్కువ తగాదా అడ్వాన్సు దగ్గర వస్తుంది. మన నగరంలో రెండు మూడు నెలల అద్దెను అడ్వాన్సుగా తీసుకుంటారు. ఉద్యోగాల కోసం బెంగళూరు వెళ్లిన మనవాళ్లు పది నెలల అద్దె కూడా ముందే కట్టిన సందర్భాలున్నాయి. ఇంత డబ్బు చేతులు మారుతున్నా, దానిని ఎప్పుడు తిరిగి ఇవ్వాలో, అందులో దేనికి ఎంత తగ్గించుకోవచ్చో చాలా ఒప్పందాల్లో ఒక్క వాక్యం కూడా కనిపించదు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకోవడం ఆనవాయితీ అని యజమాని అంటారు, ఆ మాట తనకెవరూ చెప్పలేదని అద్దెదారు అంటారు. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్, వేరే ఒప్పందమో స్థానిక ఆచారమో లేనప్పుడు, తీసుకున్న స్థితిలోనే ఇంటిని అప్పగించాలని అద్దెదారును ఆదేశిస్తూనే, మామూలు వాడకం వల్ల కలిగే అరుగుదలను మినహాయించింది. నాలుగేళ్లలో గోడ వెలిసిపోవడం అరుగుదలే. మేకులు కొట్టి టైల్స్ పగలగొట్టడం నష్టం. ఈ తేడాను తేల్చడానికి ఇల్లు తీసుకున్న రోజు స్థితికి ఆధారం కావాలి. గదివారీగా ఫ్యాన్లు, గీజరు, కుళాయిలు, తలుపులు, గోడల పరిస్థితిని ఒక పట్టికగా రాసి, ఫోటోలు తీసి, ఇద్దరూ సంతకం చేసి ఒప్పందానికి జతపరిస్తే, మా సంఘం ముందుకు వచ్చిన పంచాయితీల్లో చాలావరకు వచ్చి ఉండేవే కావు.

పోర్షన్లుగా అద్దెకిచ్చే సొంత ఇళ్లలో కరెంటు మీటరు మరో చిక్కు. రెండు మూడు కుటుంబాలకు ఒకే మీటరు ఉంటే వాడకం మొత్తం కలిసి యూనిట్‌కు ఎక్కువ ధర ఉండే పై శ్లాబులోకి వెళ్తుంది. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు దక్కే ఉచిత విద్యుత్తు కూడా చేజారవచ్చు. ఒక్కో పోర్షనుకు వేరే మీటరు ఉందా, లేకుంటే బిల్లును ఏ లెక్కన పంచుతారు అన్నది ముందే తేల్చుకోవాలి. అపార్ట్‌మెంట్లలో నెలవారీ మెయింటెనెన్స్, నీటి ట్యాంకరు ఖర్చు, బోరు మోటారు మరమ్మతు ఎవరి బాధ్యతో కూడా అలాగే రాసుకోవాలి. యజమానులకు తెలియని మరొక విషయం, ఒప్పందంలో నిషేధం లేకపోతే అద్దెదారు ఇంటిని మరొకరికి అద్దెకు ఇచ్చుకోవడానికి ఈ 108వ సెక్షనే వీలు కల్పిస్తున్నది.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అద్దెదారుదే అయిపోతుందన్న భయం యజమానులను వెంటాడుతూనే ఉంది. అద్దెదారు యజమాని అనుమతితో ఉన్నవాడు కనుక, అద్దెదారుగా కొనసాగినంత కాలం అతనికి ఆ విధమైన హక్కు రాదు. ఈ భయంతోనే కొందరు ఏటా ఇల్లు ఖాళీ చేయిస్తున్నారు. నీళ్లు ఆపడం, కరెంటు తీయడం, తాళం మార్చడం వంటి పనులకు దిగేవారూ ఉన్నారు. అద్దె బకాయిపడిన వ్యక్తినైనా చట్టప్రకారమే ఖాళీ చేయించాలి. బలవంతంగా వెళ్లగొడితే ఆరు నెలల్లోగా కోర్టుకు వెళ్లి ఇంటిని తిరిగి పొందే మార్గాన్ని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ చూపుతున్నది. అదే సమయంలో, నెలల తరబడి అద్దె ఎగ్గొట్టే వారిని ఖాళీ చేయించడానికి సివిల్ కోర్టుల్లో ఏళ్లు పట్టడం పింఛనుకు తోడు అద్దెపై బతికే వృద్ధులకు తీరని అన్యాయం. ఆ బాధను తేలికగా తీసుకోరాదు.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. రాతపూర్వక ఒప్పందాన్ని తప్పనిసరి చేసి, వివాదాలకు ప్రత్యేక అద్దె కోర్టులను ప్రతిపాదించింది. అది నమూనాయే గనుక రాష్ట్రాలు తమ శాసనంగా తెచ్చుకుంటేనే ప్రజలకు అందుతుంది. మహారాష్ట్రలో ఇంటి అద్దె ఒప్పందం ఎంత చిన్న గడువుదైనా రిజిస్టర్ చేయించాలి, ఆ బాధ్యత యజమానిదే. అక్కడ దానిని ఆన్‌లైన్‌లో పూర్తిచేసే వీలూ ఉంది. తెలంగాణ ప్రభుత్వం అంతవరకు వెళ్లేలోగా చేయగల సులభమైన పని ఒకటుంది. అడ్వాన్సు, నోటీసు గడువు, మరమ్మతులు, మీటరు, ఇంటి స్థితి పట్టిక వంటి అంశాలన్నీ ఉన్న ప్రామాణిక అద్దె ఒప్పందాన్ని స్పష్టమైన తెలుగులోనూ, ఉర్దూలోనూ తయారుచేసి, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులోనూ, మీసేవ కేంద్రాల్లోనూ ఉచితంగా అందుబాటులో ఉంచాలి. పదకొండు నెలల ఒప్పందాలను సైతం నామమాత్రపు రుసుముతో ఇంటి నుంచే నమోదు చేసుకునే ఏర్పాటు కూడా కల్పించాలని రిజిస్ట్రేషన్ల శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
అపార్ట్‌మెంట్ నివాసుల సంఘం మాజీ కార్యదర్శి,
కూకట్‌పల్లి, హైదరాబాద్