రైలు రాకముందే కొట్లు ఖాళీ

ఎడిటర్ గారికి నమస్కారం. నేను పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను, విజయనగరం దాసన్నపేటలో ఉంటాను. ఎయిర్‌పోర్టు, మెట్రో పేరు చెప్పి పెరుగుతున్న భోగాపురం వైపు భూముల రేట్ల గురించి మీ పేపర్లో రోజూ ఏదో ఒకటి వస్తూనే ఉంది, అందులో సగం ఫుల్ పేజీ యాడ్లే అనుకోండి, ఏమీ అనుకోవద్దు. గజం ఎంత పెరిగిందో రాస్తున్నారు గానీ ఆ గజాల మీద అద్దెకుండి బతుకుతున్నోళ్ళ సంగతి ఒక్కరూ రాయట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

మొన్నామధ్య సవరవిల్లి దాటాక హైవే పక్కనే ఉన్న మా బావమరిది దగ్గరికి వెళ్ళాను. ఆయనకి రోడ్డు మీదకి నాలుగు షట్టర్లున్నాయి. ఒకదాంట్లో పంక్చర్ షాపు, ఒకటి ఫ్యాన్సీ కొట్టు, ఒకటి ఎరువుల షాపు, చివర్లో ఒకావిడ టిఫిన్ కొట్టు. పద్దెనిమిదేళ్ళ నుంచి ఆవిడ అక్కడే, పొయ్యి పక్క గోడ మసిబట్టి నల్లగా నిగనిగలాడుతుంటుంది, ఆ గోడ మీదే సుద్దతో అరువు లెక్కలు రాసుకుంటుంది. నాకు నాలుగు ఇడ్లీ పెట్టి, పక్కన నిలబడి అడిగింది, "బాబూ, రైలొస్తే మనకి మంచిదేనంటన్నారు గదా, మరి నన్నెందుకు లెగిపొమ్మంటన్నారు?" అని. ఇడ్లీ గొంతు దిగలేదండీ. ఎందుకంటే లెగిపొమ్మంటున్నది మా బావమరిదే. ఎవరో బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాడు, కింద షాపులు పైన ఫ్లాట్లు, నలభై శాతం ఈయనకి. రెండు నెలల్లో ఖాళీ చేయమన్నాడు. అగ్రిమెంట్ కాయితం లేదు, అడ్వాన్స్ ఎప్పుడో ఇచ్చిన పదిహేను వేలు తిరిగిచ్చేస్తాడంట, అదే గొప్ప అన్నట్టు చెప్పాడు. ఆయన్ని కూడా పూర్తిగా తప్పుపట్టలేను, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళున్నాయి, ఇన్నాళ్ళూ ఆ స్థలాన్ని ఎవడూ తిరిగి చూడలేదు మరి.

ఇంతకీ ఏ రైలు? బిల్డర్ బ్రోచర్ చూశాను, అందులో మ్యాప్ మీద నీలం చుక్క పెట్టి మెట్రో స్టేషన్‌కి రెండు నిమిషాలు అని వేశారు. విశాఖ మెట్రో మొదటి దశే 46 కిలోమీటర్ల పైచిలుకు, అందులో మెయిన్ లైను స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకానే, కొమ్మాది నుంచి భోగాపురం ఎయిర్‌పోర్టు దాకా ఉన్న సుమారు 30 కిలోమీటర్లు రెండో దశ. మొదటి దశలోనే ఇంకా రైలు తిరగలేదు, రెండో దశ మాట దేవుడెరుగు, ఈ బిల్డర్ రెండు నిమిషాలకి టైమ్ టేబుల్ కూడా వేసేశాడు. అంటే రైలు ఎప్పుడొస్తుందో గానీ రైలు పేరు మీద లాభం మాత్రం ఇప్పుడే వచ్చేసింది, నష్టం కూడా ఇప్పుడే వచ్చేసింది, కాకపోతే రెండూ వేరేవేరే ఇళ్ళకి.

ఇదంతా నాకెందుకు ఇంత పట్టిందంటే 2024లో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళి కాన్సాస్ సిటీలో ఐదు నెలలున్నాం. అక్కడ రోడ్డు మీదే పట్టాలేసి నడిపే స్ట్రీట్‌కార్ ఉంది, మన పాత కలకత్తా ట్రామ్ లాంటిదే, కొత్త మోడల్. 2016లో మొదలైంది, అప్పటికి లైను మూడున్నర కిలోమీటర్లు, టిక్కెట్టు లేదు, ఎవరైనా ఎక్కొచ్చు. మా ఆవిడైతే శనివారం పొద్దున్నే సంచీ పట్టుకుని అది ఎక్కి రివర్ మార్కెట్‌లో దిగేది, అక్కడ రైతులు కూరగాయలు అమ్ముతారు, మన రైతుబజారే గానీ బేరమాడనివ్వరు. లైను పక్కన పాత ఇటుక గోడౌన్లన్నీ ఫ్లాట్లయిపోయాయి. మరి టిక్కెట్టు లేకుండా ఎలా నడుపుతున్నారని అల్లుణ్ణి అడిగితే చెప్పాడు, లైను చుట్టూ ఒక గీత గీసి, ఆ గీత లోపల ఆస్తులున్నోళ్ళ దగ్గర ఏటా ఎక్స్‌ట్రా పన్ను, లోపల కొట్లలో అమ్మకాల మీద ఇంకో ఒక శాతం పన్ను వసూలు చేస్తారంట. 2012లో ఆ గీత లోపల ఉన్నవాళ్ళే ఓటేసి మరీ ఒప్పుకున్నారు. లైను వల్ల రేటు పెరిగేది వాళ్ళకే కాబట్టి ఖర్చులో వాటా కూడా వాళ్ళదే. 2025 అక్టోబర్లో ఆ లైనుని యూనివర్సిటీ దాకా పొడిగించారు, మేమున్నప్పుడు రోడ్డంతా తవ్వేసి ఉండేది. అక్కడా అద్దెలు పెరిగాయని అల్లుడు గొణుగుతూనే ఉంటాడు, అదేం స్వర్గం కాదు.

అమెరికాలోనే పోర్ట్‌లాండ్‌ అనే ఊళ్ళో ఇంకో రకం. 2001లో స్ట్రీట్‌కార్ వేశారు గానీ దానికి ముందే, పాత రైల్వే యార్డు కొన్న బిల్డర్‌తో సిటీ వాళ్ళు అగ్రిమెంట్ రాయించుకున్నారు. మేము అడ్డంగా ఉన్న రోడ్డు ర్యాంపు తీసేస్తే నువ్వు ఎకరానికి కనీసం 87 ఇళ్ళు కట్టాలి, స్ట్రీట్‌కార్ వేస్తే 109, పార్కు ఇస్తే 131 అని. అందులో తక్కువ ఆదాయం వాళ్ళకి కూడా ఇళ్ళు ఉండాలన్నారు. ప్రభుత్వం ఏదైనా ఇచ్చిందంటే బదులుగా ఏదో ఒకటి రాయించుకుంది. మన దగ్గర ప్రభుత్వం ఇస్తుంది, బిల్డర్ బ్రోచర్ వేసుకుంటాడు, అంతే.

మన చట్టాల్లో ఏమీ లేదని కాదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సర్కారు భూమి తీసుకుంటే, మూడేళ్ళుగా దాని మీదే బతుకుతున్న కౌలుదారుని, అద్దెదారుని కూడా బాధిత కుటుంబం కింద లెక్కెయ్యాలి. ఎయిర్‌పోర్టుకి రెండు వేల రెండొందల ఎకరాలు తీసుకున్నప్పుడు ఊళ్ళు ఖాళీ చేయించి గూడెపువలస, లింగాలవలస దగ్గర కాలనీలు కట్టారు, అందులో బాగోగులు వేరే ఉత్తరం రాయాల్సినంత ఉన్నాయి, అయినా ఒక లెక్కంటూ ఉంది. మరి బావమరిది బిల్డర్‌కి ఇస్తే? ఇడ్లీ ఆవిడ ఏ లెక్కలోకీ రాదు. ఆవిడ స్థలం సర్కారు తీసుకుని ఉంటేనే బాగుండేదేమో అనిపిస్తుంది, చూడండి విచిత్రం.

పెరిగిన రేటులో సర్కారుకి వాటా రాకేం, రిజిస్ట్రేషన్‌కి మొత్తం ఏడున్నర శాతం కడుతున్నాం కదా అంటారు బ్రోకర్లు. కడుతున్నది సర్కారు పుస్తకంలో ఉన్న బుక్ వాల్యూ మీద, చేతులు మారేది దానికి రెండింతలో మూడింతలో, అది అందరికీ తెలుసు, మనం కూడా ఎప్పుడో అలాగే కొన్నాం అమ్మాం.

అందుకని ఇక్కడ బిల్డింగు ప్లాన్లు పాస్ చేసే వీఎంఆర్‌డీఏ (విశాఖ మెట్రో ప్రాంత అభివృద్ధి సంస్థ) వాళ్ళని అడుగుతున్నది ఒకటే. లైను పేరు చెప్పుకుని కడుతున్న బిల్డింగులకి ప్లాన్ అప్రూవల్ ఇచ్చేటప్పుడు, ఆ స్థలంలో మూడేళ్ళ పైన అద్దెకున్న కొట్లవాళ్ళ పేర్లు రాయించుకోండి, కట్టినన్నాళ్ళూ పక్కన ఎక్కడైనా చోటు చూపించి, కట్టాక కింద ఫ్లోర్లో ఒక షట్టర్ పాత అద్దెకి దగ్గరగా ఒక ఐదేళ్ళయినా ఇప్పించండి. కొత్త షాపులకి లక్షలు గుడ్‌విల్ తీసుకుంటారు, అందులో ఒక షట్టర్ పోతే బిల్డర్ రోడ్డున పడడు. ప్లాన్ పాసయ్యాక అడిగితే ఎవడూ వినడు, ముందే అడగాలి. ఇంక రేటు పెరిగిన ఆస్తుల మీద కొంత పన్నేసి ఆ డబ్బు లైనుకే పెట్టడమంటే పెద్ద నిర్ణయం, అది అసెంబ్లీలో తేలాలి, కనీసం ఆ మాట ఎత్తనైనా ఎత్తండి.

విజయనగరానికి కూడా ట్రామ్ కావాలని మా వాకింగ్ బ్యాచ్‌లో ఒకాయన తెగ వాదిస్తుంటాడు. మూడు లాంతర్ల నుంచి కోట దాకా పైన కరెంటు తీగలు లాగితే, పైడితల్లమ్మ జాతరలో అంత పొడుగు మాను ఊరేగే సిరిమాను రోజు ఏం చేస్తావయ్యా అంటే నవ్వేసి ఊరుకుంటాడు.

మీ రిపోర్టర్ని ఒకసారి ఆ హైవే వెంట పంపించండి, ఎన్ని షట్టర్లకి ఖాళీ చేయమని చెప్పారో లెక్కపెట్టించండి. టిఫిన్ కొట్టు ఈ నెలాఖరు దాకా ఉంటుంది, పొద్దున్న తొమ్మిదిలోపు వెళ్తే ఇడ్లీ దొరుకుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పోస్టల్ ఉద్యోగి,
దాసన్నపేట, విజయనగరం