రాయదొరువు మొగను ఒకసారి తవ్వి వదిలేస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి అంటే కొండే గుర్తొస్తుంది కానీ మన జిల్లాకు సముద్రం కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు తడ, సూళ్లూరుపేట, వాకాడు మండలాలు నెల్లూరు నుంచి మనలోకి వచ్చాయి. వాటితోపాటు పులికాట్ సరస్సు కష్టాలూ వచ్చాయి. వాకాడు మండలంలో పదకొండేళ్లు పంతులుగా పనిచేశాను కాబట్టి ఆ కష్టాలు దగ్గరగా చూశాను.

సరస్సు ఉత్తరాన సముద్రంలో కలిసే చోటు రాయదొరువు ముఖద్వారం. అక్కడివాళ్లు మొగ అంటారు. ఏటా ఇసుక మేట వేసి అది పూడిపోతుంది. ఈశాన్య రుతుపవనాల్లో స్వర్ణముఖి, కాళంగి పొంగిన ఏడాది వరద నీళ్లు ఆ మేటను కోసుకుని కాస్త దారి చేస్తాయి. ఎండలు ముదిరేసరికి మళ్లీ అదే కథ. మొగ మూసుకుంటే పోటు నీళ్లు లోపలికి రావు. రొయ్య పిల్ల, చేప పిల్ల సముద్రం నుంచి సరస్సులోకి చేరవు. సగటున మీటరు లోతు కూడా సరిగా ఉండని ఆ నీళ్లు ఎండకు ఇంకా ఇగిరి, ఉప్పు పెరిగిపోతుంది.

ఇదంతా పేపర్లలో వస్తూనే ఉంది. పడవల సంగతి మాత్రం ఎక్కువగా రాదు. మొగ సగం పూడి సగం తెరిచి ఉన్నప్పుడే అసలు ప్రమాదం. లోతు తగ్గిన చోట అల ఒక్కసారిగా పైకి లేచి విరుగుతుంది. అదే సమయంలో లోపలి నుంచి పాటు నీళ్లు, అంటే పోటు తగ్గి వెనక్కి పోయే నీళ్లు, సముద్రంలోకి లాగుతుంటే, ఎదురొచ్చే అల ఇంకా నిటారుగా లేస్తుంది. పడవ అడుగు ఇసుకకు తగిలి, ఇంజను ఫ్యాన్ ఇసుకలో కూరుకుని ఆగిందంటే పడవ అలకు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవ బోల్తా పడటానికి రెండో అల చాలు. నేనొకసారి మా బడిపిల్లవాడి నాన్నతో ఫైబర్ బోటులో వెళ్తుండగా అడుగు ఇసుకకు గీసుకుంది. ‘కదలొద్దు అయ్యోరా, గట్టిగా పట్టుకోండి’ అన్నాడాయన. ఆ క్షణం పడ్డ టెన్షన్ ఇప్పటికీ మరచిపోలేదు. ఆ దారిలో ఆయన రోజూ పోవాలి.

పూడిక తీస్తామన్న హామీలు చాలా ఏళ్లుగా వింటున్నాం. తీయాలి, అందులో అనుమానమే లేదు. ఒకసారి డ్రెడ్జర్ తెచ్చి, ఫొటోలు దిగి వెళ్లిపోతేనే నాకు భయం. మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. మద్రాసు హార్బరు కట్టాక దక్షిణాన మెరీనా బీచ్ పెరిగింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. ఇక్కడ కూడా తవ్విన ఇసుకను దక్షిణం గట్టున పోస్తే తిరిగి కాలువలోకే వస్తుంది. మొగకు రెండు పక్కలా రాళ్ల కట్టలు వేస్తే ఉత్తరాన ఉన్న పల్లెల తీరం ఏమవుతుందో ముందే లెక్క తేల్చాలి. ఆ పల్లెవాళ్లను కూర్చోబెట్టి అడగాలి కూడా. ఏ నెలలో మేట ఎటు జరుగుతుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఒడిశాలో చిలికా సరస్సుకు 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వారు. చేపల దిగుబడి పెరిగింది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా నుంచి 2002లో చిలికా బయటపడింది. అక్కడ సరస్సును కనిపెట్టుకుని ఉండటానికే ఒక సంస్థ పనిచేస్తోంది. మన దగ్గర మత్స్యశాఖ, అటవీశాఖ, జలవనరుల శాఖ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే పని జరగదు.

పులికాట్ పక్షుల అభయారణ్యం కాబట్టి తవ్వకం వద్దనేవాళ్ల మాట కూడా వినాలి. రాజహంసలు మేత మేసేది లోతు లేని నీళ్లలోనే. అందుకే సరస్సు మొత్తాన్ని కెలకకుండా మొగనూ, దాని నుంచి లోపలికి పడవలు నడిచే కాలువనూ మాత్రమే తవ్వాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. అప్పటికి వలస పక్షులు చాలావరకు వెళ్లిపోతాయి, బోట్లు ఒడ్డున ఉంటాయి, నదుల్లో వరద ఉండదు. పనికి అంతకంటే మంచి రోజులు దొరకవు.

అధికారులను అడిగేది ఇదే. తవ్వకం టెండరులోనే కనీసం ఐదేళ్ల నిర్వహణ కూడా కలపండి. ఏటా వర్షాలకు ముందు, తర్వాత లోతు కొలిచి ఆ లెక్కను వాకాడు మండలంలోని తీర పంచాయతీల ఆఫీసుల్లో గోడకు అంటించండి. కాలువకు రెండు పక్కలా తేలే గుర్తులు, రాత్రి వేటకు వెళ్లేవాళ్ల కోసం దీపాలు పెట్టించండి. డ్రెడ్జర్ వచ్చేదాకా ఆగక్కరలేని పని కూడా ఒకటుంది: మొగ దాటే ప్రతి పడవకూ లైఫ్ జాకెట్లు. వాటిని ఈ నెలలోనే పంచవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి